రాలే ఆకు ఎరుపు, చిగురాకు ఎరుపు

జపాన్ మేపుల్ ఫొటో చూసినవారికి అలాంటి చెట్టు తమ ఇంటిముందు కూడా ఉంటే బాగుండుననిపించడం సహజం. మనిషెత్తుకు కాస్త మించిన చెట్టు, వేళ్లు విప్పిన అరచేయిలాంటి ఆకు, కార్తీకమాసం వచ్చేసరికి కొమ్మకొమ్మా కుంకుమ పూసుకున్నట్టు ఎరుపు. న్యూజెర్సీలోనో బోస్టన్‌లోనో స్థిరపడిన పిల్లలు అక్టోబరులో పంపే ఫొటోలు ఆ కోరికను ఏటేటా కొత్తగా రేపుతుంటాయి. కర్ణాటకలోని కోలారు జిల్లాలో, అందులోనూ కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ (కేజీఎఫ్)లో, ఆ కోరికకు మరో ఊతం ఉంది. సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున్న ఊరది. బంగారు గనులు నడిచిన రోజుల్లో తెల్లదొరలు బంగళాలు, క్లబ్బు, గోల్ఫ్ మైదానం కట్టుకుని 'లిటిల్ ఇంగ్లండ్' అని పిలుచుకున్న ఊరు. ఇంగ్లండ్ తోటల్లో హాయిగా పెరిగే చెట్టు ఈ చిన్న ఇంగ్లండ్‌లో ఎందుకు పెరగదన్నది న్యాయమైన ప్రశ్నే. మేపుల్‌ను ఇక్కడ కొంతకాలం బతికించుకోవచ్చు, ఎర్రబరచడం మాత్రం కుదరదు, ఎందుకంటే దాన్ని ఎర్రబరిచే ఋతువు మన పంచాంగంలో లేదు. ఈ నేలకు వేరే ఎరుపు ఉంది. అది రాలబోయే ఆకులో రాదు, అప్పుడే విచ్చిన చిగురులో వస్తుంది. ఆ ఎరుపుని చిన్న చెట్టులో పట్టుకోవడం ఎలాగో చెప్పాలంటే ముందు మేపుల్ సంగతే తేల్చుకోవాలి.

మేపుల్ అనేది ఒక్క చెట్టు కాదు, వందకు పైగా జాతులున్న పెద్ద వంశం. కెనడా జెండా మీదున్నది, చెక్కెరపాకం ఇచ్చేది భారీ వృక్షాలు. ఇళ్లముందు అలంకారానికి పెంచే చిన్న మేపుల్ ఎక్కువగా జపాన్, కొరియాలది. దాన్ని శాస్త్రానికి పరిచయం చేసినవాడు స్వీడన్ వృక్షశాస్త్రవేత్త కార్ల్ పీటర్ థన్‌బర్గ్. జపాన్ వెళ్లివచ్చాక 1784లో దానికి 'ఏసర్ పామేటమ్' అని పేరు పెట్టాడు. పామేటమ్ అంటే అరచేతి ఆకారం కలది అని. జపాన్ వాళ్లకు అదే ఆకు కప్ప చెయ్యిలా కనిపించింది. వాళ్ల 'కయెదె' అన్న పేరుకు అర్థం అదే. శతాబ్దాలుగా వాళ్లు ఏరి, అంటుకట్టి, వెయ్యికి పైగా రకాలు నిలబెట్టారు. వాటిలో లేసు అల్లికలాంటి ఆకులతో గొడుగులా వంగేవి, కుండీలో నడుమెత్తు దాటనివి, వసంతం నుంచే ముదురు ఎరుపుగా ఉండేవి ఉన్నాయి. మనవాళ్లకు ఆసక్తి కలిగించే సంగతి ఇంకొకటుంది. వృక్షశాస్త్రం ఇప్పుడు మేపుల్‌ను కుంకుడు కుటుంబంలో చేర్చింది. తలంటుకు వాడే కుంకుడుకాయ, లీచీపండు, కోలారు గుట్టల మీద పొదలుపొదలుగా పెరిగే బందారు, అన్నీ మేపుల్‌కు దాయాదులే. ఆ బందారు దగ్గరకు మళ్లీ వద్దాం.

చల్లని దేశాల చెట్టు ఆకు రాల్చడమంటే తలుపులు మూసుకుని నిద్రపోవడం. నేల గడ్డకడితే వేళ్లకు నీరందదు. ఆకులుంటే ఉన్న నీరంతా ఆవిరైపోతుంది. అందుకే పగటిపొద్దు తగ్గడం మొదలుకాగానే చెట్టు ఆకులోని సరుకంతా కొమ్మల్లోకి లాగేసుకుని, ఆకు మొదలు దగ్గర అడ్డుగోడ కట్టి, మొగ్గల్ని పొలుసుల్లో మూసేస్తుంది. అలా మూసుకున్న మొగ్గ కాస్త వెచ్చబడగానే తెరుచుకోదు. చలికాలం నడుమ నాలుగు రోజులు ఎండకాస్తే మోసపోయి చిగిర్చి, తర్వాతి మంచుకు మాడిపోకుండా దానికొక లెక్క ఉంటుంది. సున్నాకీ ఏడు డిగ్రీలకీ మధ్య చలి ఎన్ని గంటలు పడిందో మొగ్గ లోపల్లోపలే కూడుకుంటూ వస్తుంది. వందల గంటల ఆ లెక్క పూర్తయ్యాకే నిద్ర వదులుతుంది. లెక్క పూర్తి కాకపోతే వసంతం వచ్చినా కొన్ని మొగ్గలు తెరుచుకుంటాయి, కొన్ని తెరుచుకోవు. కొమ్మ చివర నాలుగు ఆకులొచ్చి మధ్యంతా బోసిగా మిగులుతుంది. గింజ కూడా చలినే అడుగుతుంది. తడి ఇసుకలో కలిపి మూడు నాలుగు నెలలు చల్లగా ఉంచితే తప్ప జపాన్ మేపుల్ గింజ సరిగా మొలవదు. పుట్టుక దగ్గర్నుంచీ ఈ చెట్టు బతుకు చలితో ముడిపడి ఉంది.

ఇక కోలారు లెక్క చూద్దాం. డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడి రాత్రి ఉష్ణోగ్రత మామూలుగా 15 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. పదికి దిగితే అది చెప్పుకునే చలి. ఇంతకంటే కాస్త ఎత్తున, దాదాపు ఇదే వాతావరణంతో ఉన్న బెంగళూరు నగరంలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. నూట నలభై ఏళ్ల రికార్డులో అన్నిటికన్నా చల్లని ఆ రాత్రి కూడా మేపుల్ మొగ్గ లెక్కలో ఒక్క గంట జమ కాదు. పగటిపొద్దు సంగతీ అంతే. క్యోటోలో ఏడాదిలో అతి చిన్న పగలు పది గంటలకు తక్కువ, అతి పెద్దది సుమారు పద్నాలుగున్నర. పదమూడో అక్షాంశం దగ్గరున్న కేజీఎఫ్‌లో చిన్న పగలుకూ పెద్ద పగలుకూ తేడా గంటన్నర మాత్రమే. ఆకులు మడుచుకోవాల్సిన కాలం వచ్చిందని చెట్టుకు చెప్పే సంకేతమే ఇక్కడ బలహీనం. అన్నిటినీ మించి, మేపుల్ ఎర్రబడాల్సిన సెప్టెంబరు, అక్టోబరు నెలలే కోలారులో వాన ఎక్కువగా పడే నెలలు. ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వానలో పెద్దవాటా అప్పుడే వస్తుంది. సర్దుకుని పడుకోవాల్సిన చెట్టును అదే సమయానికి నేల తట్టిలేపుతుందన్నమాట.

మరి తెల్లదొరలు ఇక్కడ ఇంగ్లీషు పూలతోటలు వేయలేదా అంటే, వేశారు. గులాబీలు, కార్నేషన్లు, స్వీట్‌పీలు చలికాలంలో చక్కగా పూస్తాయి, ఇప్పటికీ పూస్తున్నాయి. కానీ వాటిలో చాలావరకు ఒక్క కాలం బతికి పోయే మొక్కలు, మిగతావి నిద్ర లేకుండానే ఏడాది పొడుగునా పెరగగలిగేవి. చల్లగాలి వాటికి హాయి. మేపుల్‌కు మాత్రం అది తిండిలాంటిది, లేకపోతే కుదరదు. మనిషికి ఇంగ్లండ్‌లా అనిపించిన చోటు చెట్టుకు ఇంగ్లండ్ కావాలని లేదు. ఆంధ్ర పాఠకులు లంబసింగిని గుర్తుచేయవచ్చు. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని ఆ ఊళ్లో కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరగా పడిపోయే మాట నిజమే. అయితే అది ఏటా కొద్ది రాత్రులు, ఆ రాత్రుల్లో కొద్ది గంటలు. తెల్లవారి పొద్దెక్కాక ఇరవై దాటే పగటి వేడి, రాత్రి కూడిన చలిలో కొంత చెరిపేస్తుంది కూడా. దక్షిణాదిలో మేపుల్ లెక్కకు నిజంగా దగ్గరపడే చోటు ఊటీ. 2,240 మీటర్ల ఎత్తున జనవరిలో గడ్డి మీద మంచు గడ్డకట్టే చోటది. కోలారుకూ ఊటీకీ ఎత్తులో ఉన్న తేడా, కోలారుకూ సముద్రానికీ ఉన్న తేడా కంటే ఎక్కువ.

ఎరుపు ఎలా వస్తుందో తెలిస్తే ఈ చిక్కు ఇంకా బాగా అర్థమవుతుంది. ఆకులో పచ్చదనం విరిగిపోతే లోపల మొదట్నుంచీ ఉన్న పసుపు బయటపడుతుంది. అందుకే వేప ఆకైనా పండితే పసుపవుతుంది. ఎరుపు అలా దాగి ఉన్నది కాదు. ఆఖరి రోజుల్లో చెట్టు పనిగట్టుకుని తయారుచేసే రంగు అది, పేరు ఆంథోసయనిన్. నేరేడుపండుకూ ఎర్రగోంగూర కాడకూ రంగునిచ్చేదీ అదే. పగలు మంచి ఎండ కాసి ఆకులో చక్కెర తయారవ్వాలి, రాత్రి గడ్డకట్టనంత చలి ఉండి ఆ చక్కెర ఆకులోంచి త్వరగా జారిపోకుండా ఆగాలి. ఆ రెండూ కలిసిన పక్షాల్లోనే మేపుల్ మండుతుంది. జపాన్‌లోనూ వెచ్చని మబ్బుపట్టిన శరత్తు వస్తే ఆ ఏడు ఎరుపు చప్పగా ఉంటుంది. కోలారులో రాత్రి 18 డిగ్రీలున్న అక్టోబరులో, వాన చినుకుల మధ్య, ఆ రంగు కట్టే వీలే ఉండదు. ఆకులు అంచులు చిరిగి, గోధుమరంగు మచ్చలు పడి, అలాగే వేలాడుతుంటాయి.

మేపుల్ వంశమే ఈ విషయంలో సాక్ష్యం చెబుతోంది. ఆ వందకు పైగా జాతుల్లో భూమధ్యరేఖ దాటి దక్షిణార్ధగోళంలోకి వెళ్లింది ఒక్కటే, ఆగ్నేయాసియా అడవుల్లోని ఏసర్ లారినమ్. వేడి అడవిలో బతకడానికి అది వేళ్లవేళ్లుగా విచ్చుకునే ఆకును వదులుకుంది, ఏటేటా ఆకులన్నీ రాల్చే అలవాటును వదులుకుంది, దాంతోపాటే శరత్తు ఎరుపునూ వదులుకుంది. చూస్తే మేపుల్ అని ఎవరూ అనుకోరు. హిమాలయాల దిగువ కొండల్లో పెరిగే ఏసర్ ఆబ్లాంగమ్‌ది కూడా నిండు ఆకు, దాదాపు ఏడాదంతా పచ్చగా ఉంటుంది. వెచ్చదనంలోకి వచ్చిన మేపుల్, మనం మేపుల్ అని మురిసే లక్షణాలన్నీ వదిలేసే వచ్చిందని దీని తాత్పర్యం.

ఇక్కడొక బలమైన అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయకూడదు. యాపిల్‌కూ చలి కావాలి కదా, మరి యాపిల్‌ను వేడిదేశాల్లో పండించడం లేదా? పండిస్తున్నారు. ఇండోనేసియా తూర్పు జావాలో మలాంగ్ దగ్గరి బతు ప్రాంతం దాదాపు కోలారంత ఎత్తు నుంచి మొదలవుతుంది. అక్కడి రైతులు కోత అయిన కొన్ని వారాలకే ఆకులన్నీ చేత్తో దూసేస్తారు. మొగ్గలు గాఢనిద్రలోకి జారకముందే కొత్త చిగురు తోసుకొస్తుంది, ఏడాదికి రెండు పంటలు తీస్తారు. మన దేశంలో హిమాచల్ ప్రదేశ్ బిలాస్‌పూర్ జిల్లా రైతు హరిమన్ శర్మ పెంచిన హెచ్ఆర్ఎంఎన్-99 రకం, చలి అంతగా లేని రాష్ట్రాలకూ పాకింది. కాబట్టి దారి లేదనలేం. అయితే యాపిల్‌లో చలి తక్కువ అడిగే రకాలను తరాల తరబడి ఏరుకున్నారు. అలంకారపు మేపుల్‌లో ఏరినవారంతా చల్లని దేశాలవారే, రంగు కోసం, ఆకారం కోసం ఏరారు. ఆకు దూసే పద్ధతి మేపుల్ బోన్సాయ్‌లోనూ ఉంది, కానీ బలంగా ఉన్న చెట్టుకు అప్పుడప్పుడు మాత్రమే చేస్తారు. నిద్రలేని చెట్టుకు ఏటా ఆకు దూస్తే దాచుకున్న పిండిపదార్థమంతా చిగురుకే ఖర్చయి చెట్టు నీరసిస్తుంది. పైగా జావాలో ఆకు దూసిన కూలి యాపిల్‌పండు తీరుస్తుంది. మేపుల్ ఇవ్వాల్సింది ఎరుపు, ఆ పద్ధతిలో రానిది అదే.

ఫ్రిజ్ మాటా వినిపిస్తుంది. చిన్న కుండీ మేపుల్‌ను రెండు మూడు నెలలు నాలుగు డిగ్రీల చలిలో ఉంచి తీయవచ్చు కదా అని. ఆకు రాల్చి నిద్రకు సిద్ధమైన మొక్కను చీకట్లో అలా ఉంచడం వీలైన పనే. పచ్చగా ఆకులతో ఉన్న మొక్కను పెడితే మాత్రం చస్తుంది. నిద్రకు సిద్ధం చేసేది పొట్టి పగళ్లూ మెల్లగా పెరిగే చలీ, అవి బయట లేనివే. పక్కనే పండ్లు ఉంటే వాటినుంచి వచ్చే ఇథిలీన్ వాయువు మొగ్గల్ని చెడగొడుతుంది. చల్లదనాన్ని ఖర్చుపెట్టి కొనుక్కోవడం ఎంత భారమో కేజీఎఫ్‌కు చెప్పనక్కరలేదు. 1902లోనే శివనసముద్రం జలపాతం నుంచి ఈ గనులకు కరెంటు వచ్చింది. మూడు కిలోమీటర్ల లోతు దాటిన చాంపియన్ రీఫ్స్ గనిలో రాయి చేయి పెట్టలేనంత వేడెక్కితే, పైన గాలిని చల్లబరిచి కిందికి పంపాల్సి వచ్చింది. అడుగున బంగారం ఉన్నంతకాలం ఆ ఖర్చు గిట్టుబాటైంది. రాబడి తగ్గాక 2001లో గనులే మూతపడ్డాయి. కుండీలోని ఒక్క మొక్క కోసం చలికాలాన్ని తయారుచేయడం ఓపికా ఇష్టమూ ఉన్నవారి పని. అలాంటివారిని వద్దనను, కానీ నలుగురికీ సిఫారసు చేయలేను.

ఆ ఓపిక ఉన్నవారికి నాలుగు మాటలు. గింజలు కొనకండి, పేరున్న రకాలన్నీ అంటుమొక్కలే, గింజనుంచి వచ్చేది తల్లిలా ఉండదు. వెడల్పెక్కువ, లోతు తక్కువ ఉన్న మట్టికుండీ తీసుకోండి, మేపుల్ వేళ్లు పైపైన పరుచుకునేవి. ఉదయం రెండు మూడు గంటల లేత ఎండ చాలు. ఫిబ్రవరి నుంచి మే దాకా మధ్యాహ్నపు ఎండా వడగాలీ తగిలితే ఆకు అంచులు కాగితంలా మాడతాయి. కోలారులో అసలు చిక్కు నీళ్లతో వస్తుంది. వెయ్యి అడుగులు దాటిన బోర్ల నీళ్లు సున్నపు సారంతో గట్టిగా ఉంటాయి. మేపుల్‌కు కాస్త పులుపు నేల కావాలి. ఆ నీళ్లు పోసేకొద్దీ కుండీ మట్టి క్షారం వైపు జరిగి, వేరు ఇనుమును అందుకోలేక, ఈనెలు పచ్చగా మిగిలి ఆకు పాలిపోతుంది. తొట్టిలో పట్టుకున్న వాననీరే దానికి మందు. మట్టి గుల్లగా ఉండాలి: గరప ఎర్రమట్టి, ఆకుల ఎరువు, కొబ్బరిపీచు పొడి, నీరు జారడానికి చిన్న ఇటుకముక్కలు. ఇసుక కోసం గని దిబ్బల దగ్గరికి మాత్రం వెళ్లొద్దు. ఊళ్లో 'సైనైడ్ దిబ్బలు' అని పిలిచే ఆ బూడిదరంగు కొండలు, రాయిని పిండిచేసి బంగారం తీశాక మిగిలిన పొడి. తోటకు పనికొచ్చే ఇసుక కాదది. తడిస్తే గట్టిగా బిగుసుకుపోతుంది, రసాయనాల శేషం ఉన్న పదార్థం ఇంటి కుండీల్లోకి రానే కూడదు. ఇంత చేసినా ఆ మొక్క దగ్గర ఆశించదగినది పచ్చని అందమైన ఆకే, అదీ కొన్నేళ్లపాటు.

మేపుల్ పేరుతో ఆన్‌లైన్‌లో అమ్మేవాటిని కూడా జాగ్రత్తగా చూడాలి. నీలం మేపుల్, ఏడురంగుల మేపుల్ అని వచ్చే గింజల ఫొటోలు కంప్యూటర్‌లో రంగుమార్చినవి. అలాంటి చెట్టు లోకంలో లేదు. 'ఫ్లవరింగ్ మేపుల్' అని అమ్మేది మేపుల్ కాదు, అబ్యుటిలాన్. మన బాటల పక్కన కలుపులా పెరిగే తుత్తురబెండకు అక్కచెల్లెలు. దాని ఆకు మేపుల్‌ను పోలి ఉన్నందుకు ఆ పేరు. ఆకు పోలికే కావాలంటే అంతకంటే మంచిది ఇంకొకటుంది: హైబిస్కస్ అసిటోసెల్లా. గోంగూరకు దగ్గరి చుట్టం, ఆఫ్రికా మొక్క. ముదురు ఎరుపు ఆకులు వేళ్లుగా చీలి, దూరం నుంచి జపాన్ మేపుల్ అనిపించేంత పోలికతో ఉంటాయి. కొమ్మ గుచ్చితే నాటుకుంటుంది, ఏడాదంతా ఎర్రగా ఉంటుంది, లేతాకు పులుపుగా కూరకూ పనికొస్తుంది. చలితో దానికి నిమిత్తం లేదు. చెట్టు కాదు, రెండు మూడేళ్ల పొద మాత్రమే. అయినా ఎర్రాకు ముచ్చట తీర్చుకోవాలనుకునేవారికి తేలిక దారి.

ఇక అసలు మాటకొద్దాం. తెలుగులో చిగురు అన్న ఒక్క మాట చుట్టూ ఎంత భాష అల్లుకుందో చూడండి: లేత చిగురు, మావిచిగురు, చిగురుటాకు, చిగురించిన ఆశ. చలిదేశాలవారు రాలే ఆకు చుట్టూ కట్టుకున్న కవిత్వమంతా మనం మొలిచే ఆకు చుట్టూ కట్టుకున్నాం. అది ఊరికే జరగలేదు. వేడినేలల చెట్లలో కొత్త ఆకు ఎర్రగా రావడం చాలా ఎక్కువ. కోలారు జిల్లా శ్రీనివాసపురం చుట్టుపక్కల మామిడితోటలు కొత్త చిగురేసినప్పుడు చూస్తే, ఎకరాలకొద్దీ రాగిరంగు, దానిమీద వంగపండు ఛాయ కనిపిస్తాయి. రావిచెట్టు ఫాల్గుణ, చైత్రాల్లో గులాబి కలిసిన రాగిరంగు తొడుక్కుంటుంది. అడవుల్లో పుసుగు చెట్టు, ఇదీ మేపుల్ దాయాదే, వసంతంలో నిలువెల్లా ఎర్రబడుతుంది. తెలియనివారు దూరం నుంచి చూసి పూసిందనుకుంటారు. రంగు అదే ఆంథోసయనిన్. లేత ఆకు ఇంకా పచ్చదనం నింపుకోకముందు మండే ఎండనుంచి కాపాడే గొడుగు అది అని కొందరు శాస్త్రజ్ఞులంటారు. ఎర్రని ఆకు పురుగుల కంటికి సరిగా ఆనదనీ, రుచించదనీ మరికొందరంటారు. రెండూ కొంత నిజం కావచ్చు. మనకు ముఖ్యమైన సంగతి ఒకటే: ఈ ఎరుపుకు చలితో పనిలేదు, ఎండతోనే పని.

చిగురు ఎరుపు పది పదిహేను రోజుల ముచ్చటే కదా అనవచ్చు. మేపుల్ ఎరుపూ రెండు మూడు వారాలదే; ఒక గాలివానకు మొత్తం నేలమీదుంటుంది. దాని కోసం జపాన్‌వాళ్లు ఏటా ప్రయాణాలు కట్టుకునేది అది కొద్దికాలమే ఉంటుంది కాబట్టే. పైగా మన చెట్లు ఏడాదికి రెండుమూడు సార్లు చిగురేస్తాయి, కొన్ని మనం కత్తిరించినప్పుడల్లా వేస్తాయి. శరత్తు ఎరుపు కోసం ఋతువును వేడుకోవాలి. చిగురు ఎరుపును కొంతవరకు మన చేతిలోకి తెచ్చుకోవచ్చు.

ఇదంతా విదేశీ మొక్కలు వద్దనే వాదన అనుకోకండి. కోలారు మార్కెట్‌ను దేశమంతటికీ తెలిసేలా చేసిన టమాట దక్షిణ అమెరికా నుంచి వచ్చినదే. అది ఇక్కడ నిలదొక్కుకున్నది చలికాలపు నిద్ర అడగదు కాబట్టి. ఇదే జిల్లాలో నీలగిరి చెట్లు ఆస్ట్రేలియా నుంచి వచ్చి మరీ బాగా నిలదొక్కుకున్నాయి. ఎంతగానంటే, భూగర్భజలాలు అడుగంటుతున్నాయన్న ఆందోళనతో 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నాటడాన్ని నిషేధించింది. ఒక మొక్క మనదా పరాయిదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. దాని ఏడాది మన ఏడాదితో కలుస్తుందా, దాని దాహం మన నీళ్లకు సరిపోతుందా అన్నవే ప్రశ్నలు. మేపుల్ మొదటిదానిలో తప్పుతుంది, నీలగిరి రెండోదానిలో.

రెంటిలోనూ నెగ్గే మొక్కల్లో మొదట బందారునే చెబుతాను. కోలారు పక్కనున్న అంతరగంగ గుట్టల మీదైనా, బంగారుపేట దారిలోని బీళ్లలోనైనా, రాళ్ల మధ్య తంగేడు పక్కన జిగురాకులతో నిలబడే పొద అదే. నీళ్లు లేకపోయినా బతుకుతుంది, మేకలు అంతగా ముట్టవు. దాని కాయకు పల్చని రెక్కలుంటాయి, మేపుల్ కాయకున్నట్టే. దాయాదుల పోలిక అక్కడ బయటపడుతుంది. పండేటప్పుడు ఆ రెక్కలు గులాబి ఎరుపుకు తిరిగి, పొదంతా కాగితపు పూలు పూసినట్టుంటుంది. ఒక్క కాండం ఉంచి కిందికొమ్మలు తీసేస్తూ పోతే నాలుగైదేళ్లలో రెండు మీటర్ల ముచ్చటైన చెట్టవుతుంది; కంచెగా కత్తిరించే పొదను చెట్టుగా మలచడం కేవలం కత్తెర పని. గింజ విషయంలో ఒక వింత ఉంది. మేపుల్ గింజ నెలల చలి అడిగితే, గట్టి పెంకున్న బందారు గింజ వేడి అడుగుతుంది. పొయ్యి మీదనుంచి దించిన వేడినీళ్లలో కాసేపు ముంచి, చల్లారాక ఆ నీళ్లలోనే రాత్రంతా నాననిచ్చి విత్తితే బాగా మొలుస్తుంది. ఒకే కుటుంబం, రెండు దేశాలు, రెండు రకాల మేలుకొలుపు.

కుండీలో ఎర్రచిగురు కావాలంటే దానిమ్మ. చిన్న ఆకు, మెలితిరిగే కాండం, రాగిరంగు చిగురు, నిప్పురంగు పువ్వు. బోన్సాయ్ చేసేవాళ్లు దాన్ని ఎప్పుడో గుర్తించారు. ఉప్పునీటినీ గట్టినీటినీ మేపుల్‌కంటే చాలా బాగా ఓర్చుకుంటుంది. దానిమ్మ రైతులు 'బహార్' అని ఒక పద్ధతి పాటిస్తారు. కావలసిన కాలంలో పూత తెప్పించడానికి నెలో నెలన్నరో నీళ్లు ఆపి చెట్టును ఎండగడతారు, ఆకు రాలాక కొమ్మలు తేలిగ్గా కత్తిరించి, ఎరువేసి, మళ్లీ నీరు పెడతారు. చెట్టు ఒక్కసారిగా చిగురిస్తుంది. చలిదేశంలో మంచు చేసే పనిని దక్కన్‌లో దప్పిక చేస్తుంది. మన చెట్ల నిద్ర చలి తెచ్చే నిద్ర కాదు, వానలేని కాలపు నిద్ర. దాన్ని ఇవ్వడానికి ఫ్రిజ్ అక్కర్లేదు, నీళ్లచెంబు పక్కన పెడితే చాలు.

కుండీలో మట్టి తక్కువ కాబట్టి పొలంలోలా పూర్తిగా ఎండగట్టకూడదు. వానలు వెనకబట్టిన డిసెంబరు మధ్యలో మొదలుపెట్టి, రోజూ పోసే నీళ్లను మూడు రోజులకొకసారికి, తర్వాత వారానికొకసారికి, అదీ సగానికి తగ్గించాలి. సంక్రాంతి నాటికి ఆకులు పసుపెక్కి చాలావరకు రాలతాయి. మిగిలినవి చేత్తో తీసేయవచ్చు. అప్పుడు అడ్డదిడ్డంగా ఉన్న సన్నకొమ్మలు కత్తిరించి, పైమట్టి రెండంగుళాలు తీసి బాగా చివికిన పశువుల ఎరువు నింపి, అడుగు రంధ్రంలోంచి కారేదాకా నీళ్లు పోయాలి. కుండీని పూర్తి ఎండలోకి జరపడం మరచిపోకూడదు, నీడలో వచ్చిన చిగురు ఆకుపచ్చగానే వస్తుంది. రథసప్తమి దాటిన రోజుల్లో కణుపుకణుపునా గోరింటాకు పండిన వేలిగోళ్లలా ఎర్రని మొనలు కనబడటం మొదలవుతుంది.